అంబర్ కట్టించిన మసీదు ముందు

రాయచూరు కోటలో ఏక్ మీనార్ మసీదు ఉంది. పేరులో చెప్పినట్టే ఒకే మీనారు. ఎత్తు 65 అడుగులు. దౌలతాబాదు చాంద్ మీనారును చూసినవాళ్లకు దీని పోలిక వెంటనే తడుతుంది. మొన్నొక సాయంత్రం దాని ముందు అరుగు మీద కూర్చుని ఒక మేనమామ, మేనకోడలు వాదించుకున్నారు. మేనమామ ఈ ఊళ్లోనే ముప్ఫై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పి రిటైరయ్యారు. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం, పాత దస్తావేజుల్లో ఉర్దూ చూసి పెరిగిన మనిషి. మేనకోడలు హైదరాబాదులో పరిశోధన చేస్తోంది. దక్కనుకు వచ్చిన ఆఫ్రికన్ల గురించి ఆమె చదువు. ఇద్దరి మాటల్లోనూ బరువుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మేనమామ: నీ చదువు పేరేమిటని అడిగితే 'నల్లజాతి అధ్యయనాలు' అంటావు. చరిత్రకు రంగేమిటమ్మా? నేను చరిత్ర అనే ఒక్క పేరుతోనే పాఠం చెప్పాను. అందులో శాతవాహనులు, కాకతీయులు, బహమనీలు అందరూ ఉన్నారు. ఇప్పుడు నల్లవాళ్లకొకటి, ఆడవాళ్లకొకటి, దళితులకొకటి అని భాగాలు వేస్తున్నారు. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు చివరికి గట్లు పెరుగుతాయి గానీ పంట పెరగదు.

మేనకోడలు: ఆ ముప్ఫై ఏళ్లలో ఈ మసీదు ఎవరు కట్టించారని చెప్పారు మామయ్యా?

మేనమామ: బహమనీల కాలంలో కట్టిందని చెప్పాను. అది నిజమే కదా!

మేనకోడలు: నిజమే. కానీ ఇక్కడి పారశీక శాసనం కాలంతో పాటు మనిషినీ చెబుతోంది. హిజ్రీ 919, అంటే 1513-14. గద్దె మీద సుల్తాను మహమూద్ షా బహమనీ. కట్టించినవాడు అంబర్. ఒకే శాసనంలో రెండు పేర్లుంటే సుల్తాను పేరు పాఠంలోకి వచ్చింది, అంబర్ పేరు గోడ దగ్గరే ఆగిపోయింది. పొలంలో గట్టు ముందే ఉంది మామయ్యా. దాన్ని చూపించడమే మా చదువు మొదటి పని.

మేనమామ: తొందరపడకు. అంబర్ అన్న పేరు కనిపించగానే ఆఫ్రికావాడని తేల్చేస్తావా? అహ్మద్‌నగర్ సేనాని మలిక్ అంబర్ అయితే హబ్షీ, అంటే ఆఫ్రికా మనిషి, అని ఆధారాలున్నాయి. ఆయన పుట్టింది 1548లో. ఈ మసీదు అప్పటికే లేచి మూడు దశాబ్దాలు దాటింది. ఈ అంబర్ వేరు. పేరు పట్టుకుని జాతి చెప్పడం చరిత్ర కాదు.

మేనకోడలు: ఆ మాట ఒప్పుకుంటాను. ఈయన హబ్షీ అని నేను తేల్చి చెప్పను. కానీ పేరును కూడా ఒక ఆధారంగా తూచాలి. అమ్ముడుపోయిన మనిషికి అమ్మానాన్న పెట్టిన పేరు మిగిలేది కాదు. యజమానులు సుగంధాల పేర్లు, రత్నాల పేర్లు పెట్టేవాళ్లు. అంబర్, కాఫూర్, యాకూత్, సందల్ అలాంటివే. మీరన్న మలిక్ అంబర్ ఇథియోపియాలో పుట్టినప్పుడు చాపు. చేతులు మారి బాగ్దాదు చేరాక ఒక వర్తకుడు చదువు చెప్పించి అంబర్ అని పిలిచాడు. అక్కడి నుంచి దక్కనుకు తెస్తే కొన్నవాడు అహ్మద్‌నగర్ పేష్వా చెంగిజ్ ఖాన్. ఆయనా హబ్షీయే. కాబట్టి అంబర్ అన్న పేరు కనిపించినచోట ఒక ప్రశ్న వేసుకోవాలి. జవాబు దొరక్కపోతే దొరకలేదని రాయాలి. మీరు పాఠంలో ఆ ప్రశ్నే వెయ్యలేదు.

మేనమామ: సరే, ప్రశ్న వెయ్యి. అది పాత చరిత్రకారుడూ వెయ్యగలడు. దానికి కొత్త శాస్త్రం, కొత్త శాఖ ఎందుకు?

మేనకోడలు: వెయ్యగలడు. వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదో చెప్పాలంటే ఈ చదువు ఎక్కడ మొదలైందో చెప్పాలి. ఆఫ్రికాకు చరిత్రే లేదని జర్మన్ తత్వవేత్త హెగెల్ పాఠాలు చెప్పాడు. మన సంగతీ అంతే. జేమ్స్ మిల్ ఈ దేశంలో అడుగు పెట్టకుండానే 1817లో భారతదేశ చరిత్ర అచ్చేసి మనల్ని మొరటువాళ్ల కింద జమకట్టాడు. అలాంటి పుస్తకాలే విశ్వవిద్యాలయాల్లో పాఠాలయ్యాయి. ప్యూర్టో రికోలో 1874లో పుట్టిన ఆర్టురో షోంబర్గ్‌కు బళ్లో ఒక టీచరు నల్లవాళ్లకు చరిత్ర లేదు, మహానుభావులు లేరు అని చెప్పిందట. ఆయన న్యూయార్క్ చేరాడు. బ్యాంకులో ఉత్తరాల విభాగంలో పనిచేస్తూ, సంపాదనంతా పాత పుస్తకాలకు, చేతిరాతలకు, బొమ్మలకు పెట్టాడు. 1926లో ఆ సేకరణను కార్నెగీ సంస్థ 10,000 డాలర్లకు కొని హార్లెమ్‌లోని ప్రజా గ్రంథాలయానికి ఇచ్చింది. ఇవాళ అది ఆయన పేరుతోనే పరిశోధన కేంద్రం.

మేనమామ: గొప్ప పనే. కానీ ఆయన ప్రొఫెసరు కాదు, డిగ్రీలూ లేవు.

మేనకోడలు: అందుకే చెబుతున్నాను. ఈ చదువు విశ్వవిద్యాలయం బయట పుట్టింది. కార్టర్ వుడ్సన్‌కు హార్వర్డ్ డాక్టరేట్ ఉంది. ఆయన అమ్మానాన్న బానిసలుగా పుట్టినవాళ్లు. 1915లో నల్లజాతి చరిత్ర కోసం ఒక సంఘం పెట్టాడు, మరుసటి ఏడాది పత్రిక తెచ్చాడు, 1926లో వారోత్సవం మొదలుపెట్టాడు. నల్లజాతి పండితుడు డుబోయిస్ అంతకు ముందే, 1899లో, ఫిలడెల్ఫియాలో నల్లవాళ్ల వాడ తిరిగి, ఇల్లిల్లూ అడిగి రాసిన పుస్తకం తెచ్చాడు. అమెరికాలో సమాజశాస్త్రానికి అది తొలి పునాదుల్లో ఒకటి. అయినా ఆ పని చేయించుకున్న పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఆయనకు అధ్యాపక ఉద్యోగం ఇవ్వలేదు.

మేనమామ: 1915 అన్నావు. ఆ ఏడాదే మన మస్కిలో శాసనం దొరికింది. బంగారం కోసం వెతుకుతున్న ఇంజనీరు బీడన్‌కు కనిపించింది. అంతవరకు శాసనాల్లో దేవానాంప్రియ, ప్రియదర్శి అన్న బిరుదులే. అశోకుడన్న పేరు మస్కి బండ మీద చదివాకే ఆ రాజు ఎవరన్న అనుమానం తీరింది. రాయచూరు జిల్లా పిల్లలకు నేను ఎప్పుడూ గర్వంగా చెప్పే పాఠం అది.

మేనకోడలు: చూశారా మామయ్యా! ఒక్క పేరు దొరికితే చరిత్ర కుదుటపడుతుందని మీరే చెప్పారు. అశోకుడి పేరుకు ఇచ్చిన విలువ అంబర్ పేరుకూ ఇవ్వమంటున్నాను.

మేనమామ: మాట మంచిదే. కానీ షోంబర్గ్, వుడ్సన్, డుబోయిస్ ఎవరి దయా అడగకుండా ఓపిగ్గా పనిచేశారు. తర్వాతి తరం అలా చెయ్యలేదు. గేట్లు మూశారు, సమ్మెలు చేశారు, మాకో డిపార్టుమెంటు ఇవ్వండని డిమాండు చేశారు. ఉద్యమంలోంచి వచ్చిన చదువు ఉద్యమానికే ఊడిగం చేస్తుంది. ఫలితం ముందే రాసుకుని ఆధారాలు వెతుక్కుంటుంది. నా భయం అది.

మేనకోడలు: శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో 1968 నవంబరు 6న మొదలైన సమ్మె 1969 మార్చి దాకా సాగింది. నల్లజాతి పిల్లలతో పాటు ఆసియా, లాటిన్ అమెరికా మూలాలున్న పిల్లలూ కలిశారు. అమెరికాలో తొలి నల్లజాతి అధ్యయనాల శాఖ అక్కడే ఏర్పడింది. రాజకీయం లేదని అనను. కానీ రాజకీయం ఒక పక్షానే ఉందా? అదే అమెరికాలో ఆఫ్రికా అధ్యయనాలకు 1958 నుంచి ప్రభుత్వ డబ్బు వచ్చింది. ఆ చట్టం పేరులోనే 'దేశరక్షణ విద్య' ఉంది. సోవియట్లతో పోటీ కోసం పెట్టిన ఖర్చు. మన ఢిల్లీ విశ్వవిద్యాలయంలో 1955లో ఆఫ్రికా అధ్యయన శాఖ పెట్టారు. ఆసియా, ఆఫ్రికా దేశాల బాండుంగ్ సభ జరిగిన ఏడాది. కొత్తగా స్వతంత్రం పొందబోయే దేశాలతో స్నేహం కావాలన్న ప్రభుత్వ ఆలోచన దాని వెనక ఉంది. సర్కారు అడిగితే శాస్త్రం, పిల్లలు అడిగితే గొడవ అంటే న్యాయమా? 1969లో మాంట్రియల్‌లో ఆఫ్రికా అధ్యయన సంఘం సభను నల్లజాతి పండితులు ఆపి ఈ ప్రశ్నే వేశారు. ఆఫ్రికా గురించి ఎవరు ఏం పరిశోధించాలో తెల్లవాళ్లే నిర్ణయిస్తారా అని.

మేనమామ: ఆ ప్రశ్న న్యాయమైందే. దాని తర్వాత ఇంకో ప్రశ్న వస్తుంది. నల్లవాడి గురించి నల్లవాడే రాయాలంటే నువ్వు ఈ పరిశోధన ఎలా చేస్తావు? నువ్వు రాయచూరు తెలుగింటి పిల్లవి.

మేనకోడలు: వాళ్లే రాయాలని కాదు. వాళ్లు లేకుండా రాయకూడదని. ఈ మాట నేను రోజూ గుర్తుపెట్టుకోవాలి. హైదరాబాదు ఏసీ గార్డ్స్‌కు వెళ్లినప్పుడు ఇది పుస్తకాల్లో మాట కాదని తెలిసింది. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. మన వనపర్తి సంస్థానంలో ఉన్న ఆఫ్రికన్ సైనికులు 19వ శతాబ్దంలో నిజాం కొలువుకు చేరారు. వాళ్ల వారసులు ఇప్పటికీ ఆ వాడలో ఉన్నారు. రాయచూరు 1956 దాకా ఆ రాజ్యంలోదే. వాళ్లు పరాయివాళ్లు కాదు, మన పాత రాజ్యంలో పౌరులు.

మేనమామ: అదే నేనంటున్నాను! పౌరులు. దక్కనులో కలిసిపోయారు. బహమనీల కాలంలో దక్కనీలు ఒక జట్టు, పర్షియా నుంచి వచ్చిన ఆఫాకీలు ఒక జట్టు. హబ్షీలు దక్కనీల జట్టులో నిలబడ్డారు. మలిక్ అంబర్ సైన్యంలో తనవాళ్లు 10,000, దక్కనీలు 40,000 అని ఆంగ్ల వర్తకుడు విలియం ఫించ్ రాసుకున్నాడు. తుంగభద్ర దాటితే ఆదోని. అక్కడి జామా మసీదు కట్టించింది హబ్షీ సర్దారు సిద్దీ మసూద్ ఖాన్. బీజాపూరులో చిన్న సుల్తానుకు సంరక్షకుడిగా రాజ్యం నడిపినవాడు. ఇక్కడ బానిసగా వచ్చినవాడు మంత్రి అయ్యాడు, సేనాని అయ్యాడు. అమెరికాలో తోటల్లో కొరడా దెబ్బలు తిన్నారు. ఆ గాయానికి కట్టిన కట్టు తెచ్చి ఈ ఒంటికి చుడితే ఎలా?

ఇక్కడ మేనకోడలు కాసేపు మాట్లాడలేదు. చేతిలో ఉన్న బొరుగుల పొట్లం మడిచి పక్కన పెట్టింది.

మేనకోడలు: ఇందులో సగం మీరే గెలిచారు. అమెరికా కొలత ఇక్కడ సరిపోదు. అక్కడ బానిసత్వం పత్తి, చెరకు తోటల కోసం. తరతరాలకూ అంటుకునేది. ఇక్కడ ఎక్కువగా సైన్యం కోసం, ఇంటి చాకిరీ కోసం. స్వేచ్ఛ పొందే దారి ఉండేది. నల్లజాతి చదువులోనే దీని మీద పెద్ద వాదం నడిచింది. ఆఫ్రికా సంస్కృతి అమెరికా నల్లవాళ్లలో బతికే ఉందని హెర్స్‌కోవిట్స్ 1941లో పుస్తకం రాశాడు. బానిసత్వం దాన్ని తుడిచిపెట్టింది, ఇప్పుడున్నది అమెరికాలో కొత్తగా కట్టుకున్న బతుకని నల్లజాతి సమాజశాస్త్రజ్ఞుడు ఫ్రేజియర్ వాదించాడు. ఒకే మాట మీద నిలబడే శాఖ కాదిది మామయ్యా. లోపలే కొట్లాడుకుంటుంది.

మేనమామ: మరి మిగతా సగం?

మేనకోడలు: కలిసిపోయారన్నది. పైకెక్కినవాళ్లు కలిశారు. అప్పుడు కూడా రంగు మరిచిపోలేదు ఎవరూ. జహంగీర్ తన జ్ఞాపకాల్లో మలిక్ అంబర్ పేరెత్తినప్పుడల్లా రంగును తిట్టాడు. అంబర్ తలను ఈటెకు గుచ్చి తాను బాణంతో కొడుతున్నట్టు అబుల్ హసన్ చేత బొమ్మ గీయించుకున్నాడు. ఇప్పుడది డబ్లిన్‌లో ఉంది. యుద్ధంలో అంబర్‌ను ఎప్పుడూ పట్టుకోలేకపోయాడు. అంబర్ 1626లో తన మంచం మీదే పోయాడు. అది సరే, మన రోజులు చూడండి. 2016లో బెంగళూరులో ఒక టాంజానియా విద్యార్థిని మీద గుంపు దాడి చేసింది. అంతకు ముందు వేరొకరు చేసిన రోడ్డు ప్రమాదంతో ఆమెకు సంబంధమే లేదు. చర్మం చూసి కొట్టారు. మనింట్లో పెళ్లిచూపులప్పుడు మొదటి మాట ఏమిటి? పిల్ల రంగెంత అని. మా అక్కకు సంబంధం తప్పింది దేనికో మీకు తెలుసు. మన దగ్గర రంగుభేదం లేదని మీరు అనలేరు.

మేనమామ: అనను. ఆ రోజు నేనూ ఆ గదిలో ఉన్నాను. నోరు విప్పలేదు.

మేనకోడలు: అందుకే ఆ చదువు నాకు దగ్గరైంది.

మేనమామ: అయితే నా చివరి సందేహం విను. మీవాళ్లు కూడా రాజులనే వెతుకుతారు. మలిక్ అంబర్ ఖడ్కీ కట్టాడు, అదే తర్వాత ఔరంగాబాదు అయింది, నీటి కాలువలు వేశాడు అంటూ. సుల్తాను పోయి హబ్షీ దొర వచ్చాడు, అంతే. ఈ కోట గోడలో 1294 నాటి శాసనబండ ఉంది, నువ్వు చిన్నప్పుడు చూశావు. నలభై అడుగులు దాటిన ఒకే రాయి. కాకతీయుల కాలంలో గోరె గన్నయరెడ్డి పేరుతో ఉంది. దాని దగ్గరే ఆ రాయిని బండి మీద ఎక్కించి, ఎడ్ల వరస కట్టి, మనుషులు నెట్టుకుంటూ తెస్తున్న బొమ్మ చెక్కారు. కట్టించినవాడి పేరుంది. లాగినవాళ్ల పేర్లు లేవు. హబ్షీలలో ఆ బండి నెట్టినవాళ్ల సంగతేమిటి?

మేనకోడలు: నన్ను ఇరుకున పెట్టే ప్రశ్న ఇదే మామయ్యా. మీరన్నది నిజం. హబ్షీ సర్దార్లు కూడా బానిసల్ని కొన్నారు. రంగు ఒక్కటైనంత మాత్రాన న్యాయం ఒక్కటి కాదు. కానీ పేర్లు లేనివాళ్ల చరిత్ర రాసే పనిముట్లు కూడా ఈ చదువులోంచే వచ్చాయి. కాగితం లేనిచోట జనం నోట నిలిచిన మాటను ఎలా సరిచూడాలో ఇబాదాన్‌లో కెన్నెత్ డైక్, తర్వాత యాన్ వాన్సినా పద్ధతులు తీర్చారు. వాటి బలంతో యునెస్కో 8 సంపుటాల ఆఫ్రికా చరిత్ర తెచ్చింది. ఎక్కువ భాగం ఆఫ్రికా పండితులే రాశారు. ఆడవాళ్లను పక్కన పెట్టిన తప్పు నల్లజాతి శాఖల్లోనూ జరిగింది. ఆ తప్పును 1970ల నుంచి నల్లజాతి స్త్రీలే ఎత్తిచూపి పుస్తకాలు వేశారు. ఉత్తర కన్నడలో ఎల్లాపుర, హళియాళ అడవుల్లో ఉండే, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు సర్దార్ల వారసులు కారు. గోవా నుంచి పారిపోయిన, విడుదలైన బానిసల సంతతి అని పరిశోధకులు చెబుతారు. వాళ్లకు షెడ్యూల్డ్ తెగల గుర్తింపు వచ్చింది 2003లో. బండి నెట్టినవాళ్లంటే వాళ్లే. మా చదువు అక్కడికి వెళ్లకపోతే మీ విమర్శ నిలుస్తుంది.

మేనమామ: మన తెలుగులో ఇదంతా ఎవరికి పట్టింది?

మేనకోడలు: దేశంలో కొందరికి ఎప్పుడో పట్టింది మామయ్యా. ఫూలే 1873లో 'గులాంగిరి'ని బానిసత్వం రద్దు చేసిన అమెరికా జనానికి అంకితమిచ్చాడు. అంబేద్కర్ 1946లో డుబోయిస్‌కు ఉత్తరం రాసి, ఐక్యరాజ్యసమితికి నల్లజాతివాళ్లు పెట్టిన అర్జీ ప్రతులు అడిగాడు. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ అన్న పేరు అమెరికా బ్లాక్ పాంథర్స్ నుంచే వచ్చింది. మన తెలుగులో, అమెరికా నల్లజాతి కుటుంబం కథను సహవాసి 'ఏడు తరాలు'గా తెలుగు చేశాక కుంటా కింటే పేరు తెలియని చదువరి ఇల్లు తక్కువ. మీ బీరువాలోనూ ఉంది, నేను అక్కడే చదివాను. గాంబియా కుర్రాడి కోసం ఏడ్చాం. ఆదోనిలో, వనపర్తిలో, ఈ కోటలో ఉన్న ఆఫ్రికాను మాత్రం చూడలేదు. చూసింది ఎవరు? అమెరికా నుంచి జోసెఫ్ హారిస్ వచ్చి 1971లో పుస్తకం వేశాడు. అందులో హైదరాబాదు ఉంది. రిచర్డ్ ఈటన్ 2005లో దక్కను సామాజిక చరిత్రను ఎనిమిది జీవితాలుగా రాస్తే అందులో ఒకటి మలిక్ అంబర్‌ది. 2013లో హార్లెమ్‌లో షోంబర్గ్ కేంద్రంలోనే 'భారతదేశంలో ఆఫ్రికన్లు' అని ప్రదర్శన పెట్టారు. చరిత్ర లేదనిపించుకున్న కుర్రాడు కూడబెట్టిన పుస్తకాల ఇంట్లో మన దక్కను సేనానుల బొమ్మలు వేలాడాయి. మన ఊళ్లో వేలాడలేదు.

మేనమామ చాలాసేపు మీనారు వైపు చూశారు.

మేనమామ: నా మాట ఇప్పటికీ ఒకటే. చివరికి చరిత్ర ఒక్కటే కావాలి.

మేనకోడలు: నా మాటా అదే. ఒక్కటి కావాలంటే ముందు విడిచిపెట్టినవాటిని వెతికి తేవాలి. ఆ వెతికే కాలంలో వేరే బల్ల, వేరే దీపం కావాలి. వుడ్సన్ కూడా నల్లవాళ్ల చరిత్ర వేరని అనలేదు. అందరి చరిత్రలో వాళ్ల పాలు రాయమన్నాడు.

మేనమామ: అయితే శాఖ ఉండనీ. షరతు ఒకటి. ఆధారం లేనిదాన్ని నీకు ఇష్టమైనా రాయకూడదు, ఆధారమున్నదాన్ని నీకు కష్టమైనా దాచకూడదు. హబ్షీ సర్దారు బానిసల్ని కొన్నాడని కూడా రాయాలి.

మేనకోడలు: రాస్తాను. మరి మీరు?

మేనమామ: వచ్చే వారం నా పాత బడికి వెళ్తాను. హెడ్మాస్టరు నా శిష్యుడే. ఒక్క పీరియడు అడుగుతాను. పిల్లల్ని ఇక్కడికి తెస్తాను.

వాదం అక్కడితో ఆగింది. ఇద్దరిలో ఎవరూ ఓడిపోలేదని నా తీర్పు. ఆధారం అడిగిన మేనమామ లేకపోతే మేనకోడలి చదువు నినాదమయ్యేది. ప్రశ్న వేసిన మేనకోడలు లేకపోతే మేనమామ పాఠంలో అంబర్‌కు చోటుండేది కాదు. రాయచూరు, ఆదోని, వనపర్తి, హైదరాబాదు టీచర్లకు నాదొక మనవి. మీ ఊళ్లో మసీదు, సమాధి, వాడ, బస్తీ ఏదున్నా పిల్లల్ని ఒకసారి తీసుకెళ్లండి. కట్టించినవాడి పేరు చదివి వినిపించండి. రాయి మోసినవాళ్లెవరని అడగండి. హబ్షీ, సిద్దీ అన్న మాటలు తిట్లు కావని చెప్పండి. ఆ పీరియడుకు కొత్త శాఖ అక్కర్లేదు, ప్రభుత్వ ఉత్తర్వూ అక్కర్లేదు.

ఏక్ మీనార్ మసీదు శాసనం హిజ్రీ 919 నాటిది. అందులో కట్టించినవాడి పేరు అంబర్.